వెనక్కి పారిన కాలువ

ముప్పై ఒక్క ఏళ్ళు నేను కాలువ మీద బతికాను. పెద్దపల్లి పక్కన పెద్ద కాలువ నుంచి చీలిన ఉపకాలువ ఒకటుంది. దాని తూముల తలుపులు ఎత్తడం, దించడం, గట్టుకు బుంగ పడితే పూడ్చడం నా పని. ఆ ఉద్యోగాన్ని లష్కరు అంటారు. రిటైరైనప్పుడు మా మెథడిస్టు చర్చిలో శాలువా కప్పారు. నీళ్ళ గురించి నాకు ఇంకొకరు చెప్పాల్సిందేమీ లేదని ఆ రోజు మైకులో అన్నాను కూడా. అందరూ చప్పట్లు కొట్టారు.

మొన్న కార్తీకమాసంలో ఐదు రోజులకని కాకినాడ వెళ్ళి, ఎనిమిది రోజులుండి వచ్చాను. ఆ మాట అన్నందుకు ఇప్పుడు సిగ్గుపడుతున్నాను. ఎందుకో చెప్పాలనే ఇది రాస్తున్నాను.

రైల్లో

నన్ను బయలుదేరదీసింది మా అక్క భర్త సామేలు బావ. ఆయన శ్రీరాంపూర్ బొగ్గుగనిలో పంపు ఖలాసీగా చేశాడు. గనిలో ఊరే నీటిని రాత్రీ పగలూ పైకి తోడించడమే ఆ పని. ఆయనతో పాటు అదే గనిలో పనిచేసిన గంగరాజు సొంతూరు కాకినాడ. రిటైరయ్యాక అక్కడికే వెళ్ళి, కాలువ పక్కనున్న తండ్రి ఇంట్లో ఉంటున్నాడు. రమ్మని ఎన్నాళ్ళనుంచో ఫోన్లు.

"నువ్వు జర రా రత్నం," అన్నాడు బావ. "ఆడ ఊరంత కాలువలేనట. చూసి నువ్వే చెప్పాలె, మంచిగున్నయా లేవా అని."

నన్నొక పరీక్షాధికారిని చేసి తీసుకెళుతున్నట్టు అనిపించి లోలోపల పొంగిపోయాను. దారి పొడవునా మా ఆవిడ కట్టిచ్చిన సర్వపిండి తింటూ కాలువల గురించి ఎదురు సీటాయనకు పాఠం చెప్పాను. బావ వింటూ నవ్వాడు.

"మీకు నీళ్ళు దేవుడు. మాకు దుష్మన్. ఒక్క పంపు బందైతే కిందున్నోళ్ళందరి పానాలు ఫికర్ల పడేటియి."

గంగరాజు వీధి

పొద్దున్నే దిగాం. స్టేషన్ బయటి హోటల్లో పెసరట్టు చెప్పాం. మధ్యలో ఉప్మా పెట్టి మడిచి ఇచ్చారు. అట్టులో ఉప్మా ఏమిటని నేను వేలితో తీసి పక్కన పెడుతుంటే, పక్క బల్ల మీది పెద్దాయన జాలిగా చూశాడు. అల్లం చట్నీ నోట్లో పెట్టుకున్నాక ఇంకో ఆశ్చర్యం. కారం కంటే ముందు బెల్లం తగిలింది. మా దగ్గర చట్నీలో బెల్లం వేస్తే పిల్లలు కూడా అలుగుతారు. బావ మాత్రం రెండోసారి వేయించుకున్నాడు.

గంగరాజు ఆటో తెచ్చాడు. మనిషి లావెక్కాడు కానీ మాటలో శ్రీరాంపూర్ ఇంకా పోలేదు.

"వచ్చిన్రా! ఎన్నేండ్లాయె సామేలన్నా!" అని కౌగిలించుకుని, మరుక్షణమే ఆటో అతనితో "ఇటు తిప్పండి బాబూ, వంతెన మీంచి వద్దండి," అన్నాడు. ఒకే నోట్లో రెండు జిల్లాలు.

ఆయన ఇంటి ముందు కాలువ చూసి కొయ్యబారిపోయాను. నీళ్ళు కనబడితేగా! గట్టు నుంచి గట్టు దాకా గుర్రపుడెక్క పచ్చగా పరుచుకుని ఉంది. దాని సందుల్లో ప్లాస్టిక్ సీసాలు, కొబ్బరి బొండాలు, ఒక పాత పరుపు. అందులోకే దిగే రాతి మెట్లు మాత్రం ఎంత బాగున్నాయంటే, ఒక్కో మెట్టూ చెక్కిన రాయే, ఒక్కటీ కదల్లేదు.

"గిదేంది గంగరాజన్నా," అన్నాను. నా గొంతు నాకే కోపంగా వినిపించింది. "మా దగ్గర కాలువల ఎవ్వడన్న చెత్తేస్తే ఊరంత తిరిగి పట్టుకుంటుంటి."

"మీ కాలువకు ఒకటే పని తమ్మీ, పొలానికి పోవుడు," అన్నాడు గంగరాజు. "దీనికి ఎన్ని పనులుండెనో రేపు చూపిస్తా."

లాకుల దగ్గర

మర్నాడు ఊరి బయట లాకుల దగ్గరికి తీసుకెళ్ళాడు. లాకు అంటే కాలువకు అడ్డంగా ఎదురెదురుగా రెండు జతల తలుపులున్న రాతి గది. పైన నీళ్ళు ఎత్తులో, కింద నీళ్ళు పల్లంలో. పడవను గదిలోకి రానిచ్చి వెనక తలుపులు మూసి, నీళ్ళు వదిలి కిందికి దించి, ముందు తలుపులు తీస్తారు. పడవ మెట్లు దిగినట్టు దిగి సముద్రం వైపు వెళ్ళిపోతుంది.

ఇన్నేళ్ళు తలుపులెత్తినవాణ్ణి, పడవ కోసం తలుపులు ఉంటాయని నాకు తెలియదు! మా కాలువలో మనిషి ఈదితేనే నేను విజిల్ వేసేవాణ్ణి.

గంగరాజు తండ్రి పడవ నడిపేవాడట. గాలి ఉంటే తెరచాప, లేకపోతే గెడకర్రతో నెట్టడం, అదీ కుదరకపోతే గట్టు మీద తాడు భుజానికేసుకుని నడక.

"ఇగో గీ దారి," అని గట్టు మీది కాలిబాట చూపించాడు గంగరాజు. "గీడ మా నాయన పడవను గుంజుకుంట నడిచిండు. ధాన్యం, పొగాకు, కొబ్బరి, కలప, అన్నీ కాలువ మీదనే రేవుకు పోయేటియి. ఆడ బార్జీలల్లకు ఎక్కించి, సముద్రంల నిలబడ్డ ఓడలకు చేరేసేటోళ్ళు. తిరిగొచ్చేటప్పుడు ఉప్పు. పెండ్లోళ్ళు కూడా పడవలల్లనే పోయేటోళ్ళు."

"మరి ఎందుకు బందైంది?"

"లారీలొచ్చినై. రోడ్లొచ్చినై. మా నాయన ఆఖరి సారి పడవను ఒడ్డుకు గుంజి, దాని చెక్కలను పొయ్యిల పెట్టిండు. నేను బొగ్గుబాయికి వచ్చిన. లేకుంటే నేనెందుకొస్త శ్రీరాంపూర్‌కు?"

ఇన్నాళ్ళూ కలిసి పనిచేసినా ఈ సంగతి బావకు కూడా తెలియదు. "ఎన్నడు చెప్పకపోతివి కదనే," అన్నాడు నెమ్మదిగా.

తెల్లదొరల కాలంలో ఇంకా పైకి, మా వైపు గోదావరి దాకా పడవలు నడపాలని చూశారట. పైనున్న పత్తిని నీళ్ళ మీద ఈ రేవుకు తేవాలని దుమ్ముగూడెం దగ్గర రాళ్ళలో కాలువ తవ్వి లాకులు కట్టి, మధ్యలోనే వదిలేశారట. తండ్రి దగ్గర విన్నదంటూ గంగరాజు చెప్పాడు. ఆదిలాబాద్ పత్తి పడవెక్కి కాకినాడకు రావడం ఊహించుకుంటే నాకు తల తిరిగింది. మా ఊళ్ళకు సముద్రం ఇంత దగ్గరని ఎవరూ చెప్పలేదు.

సాయంత్రం ఉప్పుటేరుకు తీసుకెళ్ళాడు. సముద్రం ఊళ్ళోకి చాచిన పాయ అది. బార్జీలు వరసగా కట్టి ఉన్నాయి. నీటి మీద ఒక అరటిబోదె తేలుతూ పోతుంటే చూస్తూ నిలబడ్డాను. కాసేపటికి గమనించాను. అది సముద్రం వైపు పోవడం లేదు. సముద్రం వైపు నుంచి ఊళ్ళోకి వస్తోంది!

"బావా, నీళ్ళు వెనుకకు పోతున్నయే!"

గంగరాజు పడీ పడీ నవ్వాడు. "పోటు అంటరు దాన్ని. సముద్రం పొంగి పైకొస్తది. ఆరు గంటలైతే పాటు. మళ్ళ దిగుతది. రోజుకు రెండుసార్లు. పున్నానికి, అమాసకు ఎక్కువ."

బోదె కనబడకుండా పోయేదాకా అక్కడే నిలబడ్డాను. చీకటి పడుతుంటే బావ చేయి పట్టుకుని లాక్కొచ్చాడు.

వాన

మూడో రోజు మధ్యాహ్నం మొదలైన వాన తెల్లవారేదాకా కొట్టింది. పొద్దున్నే లేచి చూస్తే వీధిలో మోకాళ్ళ కిందిదాకా నీళ్ళు. గంగరాజు, బావ ఇంకా లేవలేదు. ఊరికే కూర్చోవడం నాకు చేతకాదు. వాన పడితే గట్టు మీదికి పోవడం ఒంట్లో ఇంకిపోయిన అలవాటు.

వీధి చివర సత్యవతి అనే ఆవిడ ఇల్లు. నలభై అయిదేళ్ళుంటాయి. భర్త రేవులో బార్జీ కూలి. సముద్రం బాగాలేక రెండు వారాలుగా పని లేదు. ఇంటి వెనక కొంచెం జాగాలో ఎనిమిది మళ్ళు చేసి తోటకూర, గోంగూర, పాలకూర, కొత్తిమీర పెంచి బజార్లో అమ్ముతుంది. కార్తీకమాసంలో అక్కడ చాలామంది నీచు ముట్టరు కనుక ఆకుకూరలకు గిరాకీ. కట్ట పది రూపాయలది పదిహేనుకు పోతోందని, ఈ నెలంతా ఇల్లు దాని మీదే నడవాలని ముందురోజే చెప్పింది.

ఆ మళ్ళ పక్కనుంచే వీధి మురుగుకాలువ వెళ్ళి ఉప్పుటేట్లో కలుస్తుంది. కలిసేచోట గోడ, గోడలో చిన్న ఇనుప తలుపు, దాని పైన మర. ఆ మరను తిప్పే ఇనుప పిడి సత్యవతి అరుగు మీద మేకుకు వేలాడుతోంది. వీధివాళ్ళే ఎత్తుకుంటారు, దించుకుంటారు.

తలుపు దించి ఉంది. ఇవతల నీళ్ళు నిండిపోయి మళ్ళ గట్టును తాకుతున్నాయి. నా కళ్ళకు అది తప్ప ఇంకేమీ కనబడలేదు. ఎవరో తలుపెత్తడం మరిచారు, ఇంకాసేపయితే ఆవిడ పంట మునుగుతుంది. గోడకు అవతల ఏముందో తొంగిచూడాలన్న ఆలోచనే రాలేదు. మా దగ్గర తూముకు అవతల ఎప్పుడూ పల్లమే. మొన్న సాయంత్రం కళ్ళారా చూసిన పోటు నా చేతుల్లోకి ఇంకా రాలేదు.

పిడి తెచ్చి మర తిప్పాను. పాత మర, బిగుసుకుపోయింది. బలమంతా పెట్టి జానెడు, రెండు జానలు, మూడు జానలు ఎత్తాను. నా పనితనానికి నాకే ముచ్చటేసింది.

నీళ్ళు దిగలేదు. బుస్సుమని ఇవతలికి వచ్చాయి.

ఒక్క క్షణం నాకు అర్థం కాలేదు. నా కాళ్ళకు ఇటు నుంచి తగలాల్సిన నీళ్ళు అటు నుంచి కొడుతున్నాయి. మళ్ళ గట్టు నా కళ్ళముందే తెగింది. వెనకనుంచి కేక.

"ఎవరండీ తలుపెత్తిందీ!"

సత్యవతి. చేతిలో పొయ్యి ఊదే గొట్టం అలాగే ఉంది.

"నేనే చెల్లే, నీళ్ళు పోవాల్నని..."

"పోవడమేటండీ, వస్తన్నాయి! పౌర్ణమి పోటండీ బాబూ, దించండి, దించండి!"

వెనక్కి తిప్పాను. జానెడు దూరంలో తలుపు ఆగిపోయింది. ప్రవాహంతో కొట్టుకొచ్చిన దుంగ ఒకటి కింద ఇరుక్కుంది. అరుపులకు బావా, గంగరాజూ పరుగెత్తుకొచ్చారు. బావ చొక్కా విప్పి ఛాతీలోతు నీళ్ళలో దిగి, వెదురు బొంగుతో దుంగను పొడవడం మొదలుపెట్టాడు. "నేను మోసుకొస్త" అంటూ గంగరాజు ఇసుక సంచులకు వెళ్ళాడు. అరవై దాటిన ముగ్గురం, ఒక ఆడమనిషి, జానెడు సందు. అరగంట పట్టింది. దుంగ జారేటప్పుడు బావ అరచేయి చీరుకుపోయి నీళ్ళు ఎర్రబడ్డాయి.

తలుపు మూతపడేసరికి ఎనిమిది మళ్ళూ ఒక్కటే చెరువు. కొత్తిమీర కొసలు కూడా కనబడలేదు.

సత్యవతి వంగి, వేలు ముంచి నాలుక మీద పెట్టుకుంది. నేనూ పెట్టుకున్నాను. ఉప్పు. నా నోట్లో ఆ రుచి తగిలినప్పుడు గానీ నేనేం చేశానో పూర్తిగా తెలియలేదు. వాన నీళ్ళయితే పూటకో రెండు పూటలకో దిగిపోయి పంట నిలబడేది. ఉప్పు నీళ్ళు నేలలోకి దిగితే ఈ పంటే కాదు, రేపు వేసే విత్తనం కూడా లేవదు.

"తలుపు దించింది నేనేనండి," అంది ఆవిడ. తిట్టలేదు. "తెల్లారగట్ట నాలుగింటికి లేచి దించేను."

ఆరు గంటలు

పాటు వచ్చేదాకా తలుపెత్తడానికి లేదు. ఆరు గంటలు గట్టు మీద కూర్చున్నాను. బావ చేతికి కట్టు కట్టించుకుని వచ్చి పక్కన కూర్చున్నాడు.

"ఒక్కపారి అడిగితే అయిపోతుండె కదనే రత్నం," అన్నాడు. అది చాలు.

సత్యవతి నీళ్ళలోకి దిగి, చేతికందిన తోటకూర కోసి ఒడ్డున వేస్తోంది. ఈ ఒక్కరోజుకైనా అమ్ముకోవచ్చని. నేనూ దిగాను. వద్దనలేదు, రమ్మనలేదు. ఇద్దరం మధ్యాహ్నం దాకా కోశాం.

అప్పుడు గుర్తొచ్చింది, మా కాలువ చివరి భూముల్లో చౌడు తేలితే ఏం చేసేవాళ్ళమో. మడి కట్టి, మంచినీళ్ళు నిలబెట్టి, ఉప్పు కరిగాక వదిలేసేవాళ్ళం. మళ్ళీ నింపి, మళ్ళీ వదిలి. భయపడుతూనే చెప్పాను.

"చెల్లే, నేలను కడుగుదాం. తీపి నీళ్ళతోని. నాలుగైదు పార్లు."

"ఎక్కణ్ణించి తెత్తారండీ అన్ని నీళ్ళు? బిందెల్తోనా?"

"గంగరాజన్న ఇంటి ముందు కాలువ గోదారి నీళ్ళే కదా. గుర్రపుడెక్క తీస్తే కింద నీళ్ళున్నయి."

ఆవిడ నన్ను తేరిపార చూసింది. "ఈసారి నన్నడిగి చెయ్యండి," అంది.

నాలుక చెప్పిన లెక్క

రొయ్యల చెరువులున్న బంధువు దగ్గర గంగరాజు ఒక పాత నూనె ఇంజను పట్టుకొచ్చాడు. అది రెండేళ్ళుగా మూలపడి ఉందట. బావ కట్టు కట్టిన చేత్తోనే దాన్ని విప్పాడు. ప్రతి ముక్కనూ కిరసనాయిలుతో కడిగి, చెవి ఆనించి విని, మళ్ళీ బిగించాడు. గనిలో ఆయన పని ఎలా ఉండేదో నేను చూడటం అదే మొదలు. సాయంత్రానికి ఇంజను ఊపందుకుంది. నీళ్ళను దుష్మన్ అన్న మనిషి, పైపులోంచి దూకిన మొదటి నీళ్ళను దోసిట పట్టి మొహం కడుక్కున్నాడు.

అప్పటికే గుర్రపుడెక్క తీస్తూ నేనూ గంగరాజూ నడుములోతు కాలువలో ఉన్నాం. మొదటిరోజు నేను మెచ్చుకున్న ఆ రాతి మెట్ల మీదే డెక్క కుప్పలుగా వేశాం. మేము చేస్తున్నది చూసి వీధిలో ఇంకో ఇద్దరు దిగారు. పరుపు బయటికొచ్చింది.

తిరుగు టికెట్లు పోనిచ్చాం. మూడు రోజులు అదే పని. పోటు మీద తలుపు దించి మళ్ళు నింపడం, పాటు మీద ఎత్తి వదలడం. ప్రతిసారీ సత్యవతి వేలు ముంచి నాలుక మీద పెట్టుకుని చెప్పేది.

"ఉందండి ఇంకా."

"తగ్గిందండి."

"ఈ చివర ఉందండి, ఆ చివర లేదు."

రెండో రోజు పాటు వేళకు పిడి చేతిలో పట్టుకుని నా ఎదురుగా నిలబడింది. "చెప్పండి. ఇప్పుడెత్తొచ్చా?"

గోడ ఎక్కి అవతలికి చూశాను. ఒక గడ్డిపరక వేశాను. అది ఉన్నచోటే తిరుగుతోంది.

"పాటు ఇంక రాలే. పావుగంట ఆగాలె."

ఆవిడ కూడా గోడ ఎక్కి, చూసి, తల ఊపింది. పావుగంట ఇద్దరం గోడ మీదే కూర్చున్నాం. మా వైపు బతుకమ్మకు కాలువలో నీళ్ళు వదులుతారా అని అడిగింది. వదులుతామని, ఆడవాళ్ళు గట్టు మీద పడకుండా నేను తాడు కట్టేవాణ్ణని చెప్పాను. ఆవిడ నాతో వేరే సంగతి మాట్లాడటం ఆ పొద్దున్న తర్వాత అదే మొదటిసారి. గడ్డిపరక కదిలి సముద్రం వైపు సాగింది. అప్పుడు ఎత్తాం.

బయలుదేరే రోజు ఆవిడ భర్త స్టేషన్ దాకా వచ్చాడు. కాజాల పొట్లం చేతిలో పెట్టి, "మా ఆవిడ ఇచ్చిందండి," అన్నాడు. తీసుకోవడానికి నా చేయి రాలేదు. బావే అందుకున్నాడు.

ఇంటికొచ్చాక

చర్చిలో అందరూ సముద్రం ఎలా ఉందని అడిగారు. సముద్రాన్ని సరిగ్గా చూడనేలేదని చెప్పి, జరిగింది చెప్పాను. శాలువా కప్పిన పెద్దమనిషి కూడా విన్నాడు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు. ఒక ముసలావిడ మాత్రం, "మొక్కలు లేచినయా బిడ్డా?" అని అడిగింది.

ఆ ప్రశ్న నన్ను దాదాపు నెల రోజులు వెంటాడింది. చివరికి ఫోన్ చేశాను. మళ్ళీ విత్తనం వేసి మూడు వారాలయిందని సత్యవతి చెప్పింది.

"ఎట్లున్నయి చెల్లే?"

"మూడు మళ్ళు లేచేయండి. తోటకూర బానే ఉంది. ఐదు లేవలేదు. తెల్లగా పొరగట్టేసింది నేల. మీరడిగేరు గాబట్టి చెప్తన్నానండి. దాచడం ఎందుకు."

ఎనిమిదీ లేచాయని అబద్ధం చెప్పి ఉంటే బాగుండునని ఒక క్షణం అనిపించింది. మరి ఆ ఐదింట్లో ఏం చేస్తారని అడిగాను.

"వానాకాలం వచ్చి కడగాలండి. అందాకా మా ఆయన చేపలు తెస్తే అక్కడ ఎండేస్తన్నాను. ఎండు చేపలకి ఉప్పు నేలైతే ఏటండీ." అవతల ఇంజను చప్పుడు వినబడింది. బావ బాగుచేసిన ఇంజనే. వీధివాళ్ళు దాన్ని తిరిగి పంపలేదట.

ఫోన్ పెట్టేసే ముందు, "మీ ఆవిణ్ణి తీసుకుని రండి," అంది. "సంక్రాంతి రద్దీ అయ్యేక రండి. ఈసారి ఊరికే చూడ్డానికి రండి."